అబ్బులు గారి అతి సెలీనియం

మనిషి బతకడానికి గాలి, నీరు, తిండి చాలునని అనుకున్న రోజులు వెళ్ళిపోయాయి. రోజుకి గ్రాములో పది లక్షల వంతులు ఓ నలభయ్యో యాభయ్యో సెలీనియం కూడా కావాలి. తగ్గితే గొంతులోని థైరాయిడ్ గ్రంథి మొరాయిస్తుంది. ఎక్కువైతే జుట్టు రాలుతుంది, గోళ్ళు పెళుసెక్కుతాయి, ఊపిరి వెల్లుల్లి వాసన కొడుతుంది. ఇంత సున్నితమైన వ్యవహారాన్ని ప్రజల నోటికి వదిలేయడం క్షేమం కాదని సూక్ష్మపోషక సమతుల్య సాధికార మండలి తీర్మానించి, గోదావరి జిల్లాల్లో గడప గడపకీ సెలీనియం కార్డు ఇవ్వడం మొదలుపెట్టింది. చేప కొనాలన్నా గుడ్డు కొనాలన్నా ఆ కార్డు చూపించాలి. (బెండకాయలకి ప్రస్తుతానికి మినహాయింపు ఉంది.)

రక్తపరీక్ష చేసే యంత్రం జిల్లాకి ఎప్పుడో వచ్చింది. పెట్టె మీద 'అధికారి సమక్షంలో తెరవవలెను' అని ఉంది కానీ ఏ అధికారో లేదు. అందుకని పైకి కనిపించే లక్షణాలు చూసి యాప్‌లో నొక్కమని ఉత్తర్వులిచ్చారు.

మండపేట దగ్గర నాలుగెకరాల రైతు అబ్బులుకి ఈ గొడవలేవీ తెలియవు. గేదె సుఖంగా ఈనితే తలనీలాలిస్తానని మొక్కుకున్నాడు. అది పెయ్యదూడని ఈనింది. వాడపల్లి వెళ్ళి గుండు చేయించుకొచ్చాడు. ఆ వారమంతా గునపానికి కొబ్బరికాయలు ఒలిచి ఒలిచి గోళ్ళు విరగ్గొట్టుకున్నాడు. గ్రామ సచివాలయంలో పరీక్షల శిబిరం పెట్టిన రోజు పొద్దున్నే చద్దన్నంలోకి ఆవకాయ వేసుకుని, అందులోని వెల్లుల్లి రెబ్బలు ఏరుకుని మరీ తిని వెళ్ళాడు.

ట్యాబ్ పట్టుకుని కూర్చున్న హెలెన్ అనే ఉద్యోగిని అతని గుండు చూసి ఒకటి నొక్కింది. గోళ్ళు చూసి ఇంకోటి నొక్కింది.

"ఓసారి నోరు తెరిచి హా అనండి."

అబ్బులు మనస్ఫూర్తిగా అన్నాడు. హెలెన్ కుర్చీతో సహా వెనక్కి జరిగి మూడోది నొక్కింది. ట్యాబ్ ఎర్రబడింది. 'అతి సెలీనియం. తొంభై రోజులు చేప, గుడ్డు నిషిద్ధం.'

తొంభై రోజులు అబ్బులుకి పెద్ద లెక్క కాదు, ఇంకే కాలంలోనైనా. కానీ అప్పుడు గోదావరికి ఎర్రనీరు వచ్చింది. పులసలు ఎదురెక్కుతున్నాయి. ఏడాదిలో ఆ నలభై రోజులు దాటితే మళ్ళీ వచ్చే ఏడాదే. కడుపు నిండా జన, అదే గుడ్లు, ఉన్న పులస ఒక్కటి తనకే ఇవ్వాలని చేపలమ్మే బుల్లియ్యకి కిందటి ఏడే చెప్పిపెట్టుకున్న మనిషి అతను. ఫోన్ రాగానే పరుగెత్తాడు. బుల్లియ్య కార్డు స్కాన్ చేసి, తీసిన చేపని మళ్ళీ ఐసులో పెట్టేశాడు.

"మీ పేరు ఎర్రగా వత్తందండి. ఇత్తే నా తక్కెడ పట్టుకుపోతారండి ఆయ్."

అబ్బులుకి కళ్ళమ్మట నీళ్ళొక్కటే తక్కువ. మర్నాడు మంగళవారం, భార్య వీరవేణిని వెంటబెట్టుకుని మండల సెలీనియం పర్యవేక్షణాధికారి ఉదయభాస్కర్ దగ్గరికి వెళ్ళాడు. ఆయన మర్యాదస్తుడు. ఎవరినైనా కూర్చోబెట్టే కాదంటాడు. గుండు చేయించుకున్నట్టు దేవస్థానం ఇచ్చిన రసీదుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇందులో జుట్టు తీసినట్టుందండి. అంతకుముందు ఉన్నట్టు ఎక్కడుందండి?"

"లేకపోతే ఏం తీస్తారండి?"

"అది మీ ఊహండి. ఊహని ఫైల్లో పెట్టలేమండి."

వాసన ఆవకాయదేనని అబ్బులు వాదించాడు. అయితే పట్టినవాళ్ళు సాక్ష్యం చెప్పాలన్నాడు ఆయన. ఆవకాయ పట్టిన వీరవేణి పక్కనే ఉంది. కానీ నిబంధన ప్రకారం సాక్షి సెలీనియం సరిగ్గా ఉంటేనే సాక్ష్యం చెల్లుతుంది. హెలెన్‌ని పిలిచారు. వీరవేణికి జుట్టు ముడి నిండుగా ఉంది. మంగళవారం ఒక్కపొద్దు కాబట్టి నోట ఏ వాసనా లేదు. ఇక హెలెన్ అడగాల్సిన ఆహారపు ప్రశ్న మిగిలింది.

"చేప వండితే మీరు ఏ ముక్క తింటారండి? తలా, నడిమి ముక్కా, తోకా?"

"పులుసండి."

"ముక్క అడుగుతున్నానండి."

"ముక్కలు ఈయనకీ పిల్లలకీ సరిపోతాయి కదండీ. నేను అందరివీ అయ్యాక గిన్నెలోనే అన్నం కలుపుకుంటాను."

యాప్‌లో పులుసు అనే గడి లేదు. హెలెన్ 'ఏదీ కాదు' అని నొక్కింది. ట్యాబ్ పసుపుపచ్చగా మారింది. 'లోపం.' లోపమున్నవారి సాక్ష్యం చెల్లదు కనుక అబ్బులు ఫిర్యాదు పెండింగులో పడింది. లోపమున్నవారికి వెంటనే చేప పెట్టాలి కనుక, వీరవేణి పేరున ఒక పులస మంజూరైంది. తినడం మాత్రం ఉద్యోగి ఎదుటే జరగాలి. అతి సెలీనియం వారు పదడుగుల దూరంలో ఉండాలి.

అబ్బులు దిగులు పడలేదు. మంజూరైతే అయింది, పెళ్ళాం చేతిలోంచి తనకి రాకుండా ఎక్కడికి పోతుందనుకున్నాడు.

బుధవారం బుల్లియ్య చేపనిచ్చాడు. వీరవేణి మట్టి దాకలో కట్టెల పొయ్యి మీద, బెండకాయలు వేసి, దించేముందు ఆవకాయ నూనె పోసి వండింది. మర్నాడైతే రుచి కనుక గురువారం మధ్యాహ్నం హెలెన్ ట్యాబ్‌తోనూ టేపుతోనూ దిగింది. కొలిచి చూస్తే పదడుగులు సరిగ్గా వీధి గుమ్మం దగ్గర తేలాయి. అబ్బులు అక్కడ పప్పన్నం కంచంతో కూర్చున్నాడు. పులుసు వాసనకి కొలతలు లేవు కాబట్టి అది గుమ్మం దాకా వచ్చింది. అతని ప్రాణం గిలగిల్లాడింది.

వీరవేణి జన ఉన్న నడిమి ముక్క వేసుకుంది. పెళ్ళయి ఇరవయ్యారేళ్ళు. అలవాటుకొద్దీ గుమ్మం వైపు ఓసారి చూసింది. హెలెన్ తల అడ్డంగా ఊపింది. వీరవేణి ముల్లు తీసి, కాస్త తుంచి నోట్లో పెట్టుకుని, చాలాసేపు నమిలింది.

"ఎలా ఉందే?" అన్నాడు అబ్బులు. ఆ ఇంట్లో ఆ ప్రశ్న ఎప్పుడూ ఆమే అడిగేది.

"పులుసుకి ఉప్పు సరిపోయిందండి. ముక్క లోపలికే పట్టలేదు."

"ఎప్పుడూ అంతేనే. నీకు తెలుసనుకున్నాను."

వీరవేణి రెండో ముక్క వేసుకుంది. తరవాత మూడోది.

ఫిర్యాదు పరిష్కారమైందని హెలెన్ నొక్కింది. ఎవరి ఫిర్యాదని అడిగే గడి ఆ యాప్‌లో లేదు.