ఉప్పు పరిశీలనలో ఉంది

మావారి మీద నాదొక ఫిర్యాదు. మిర్యాలగూడలో ఒక రైస్‌మిల్లు కంపెనీకి మేనేజర్ ఆయన. మొన్న హైదరాబాదులో వారం రోజుల ట్రైనింగుకు పోయి, సంచీ నిండా పెద్ద పెద్ద మాటలు మోసుకొచ్చారు. పెళ్లయిన పదేళ్లకా తెచ్చేది? ముందే తేవద్దూ!

నవ్వకండి. అర్థం లేని మాటంత సుఖం ఇంకెందులోనూ లేదు. ఇదివరకు ఉప్పు తెమ్మంటే "మరిచిపోయిన" అనేవారు. పోట్లాటయ్యేది. ఇప్పుడు "ఉప్పు విషయం పరిశీలనలో ఉంది" అంటున్నారు. పరిశీలనతో ఎవరు పోట్లాడతారు? చప్పటి పప్పు తిని ప్రశాంతంగా ఉంటున్నాం. మా అత్తగారు మోకాళ్ల నొప్పులంటే, "కీళ్ల స్థాయిలో సమన్వయం పెరగాలమ్మా" అన్నారు. తన నొప్పికి అంత పేరుందని ఆవిడ వాడంతా తిరిగి చెప్పొచ్చారు, కుంటుకుంటూ.

మిల్లులో ఇంకా బాగు. ఉడకబెట్టిన వడ్లు కళ్లం నిండా ఆరబోసి ఉండగా మబ్బు పట్టింది. వెనకటి రోజుల్లో అయితే "వానొస్తుంది, టార్పాలిన్లు కప్పండి" అని కేకేసేవారు. ఎంత మోటు! ఈసారి కార్బన్ పెట్టి మూడు కాపీలు రాసి, ఒకటి గోడకంటించారు: "వాతావరణ పరిణామాల దృష్ట్యా అన్ని స్థాయిలలో తగు ముందస్తు చర్యలు చేపట్టవలెను." వడ్లు తిరగేసే ఆడవాళ్లంతా వరసగా వేలిముద్రలు వేసి, మళ్లీ వడ్లు తిరగేశారు. వానకు మాత్రం కాపీ అందినట్టు లేదు. వడ్లన్నీ నానిపోయాయి.

తెల్లారి, ఆ ఆడవాళ్లకు పెద్దదైన యాదమ్మ మా గడపలోకొచ్చింది. "అమ్మా, సారు కాయితమిచ్చిండు. జర సదువు."

చదివాను. "అవగాహన లోపం దృష్ట్యా మీ సేవలు పునర్వ్యవస్థీకరించబడినవి."

"గంత పెద్దగుంది. మంచిదేనా?"

"రేపటి నుంచి పనికి రావద్దని."

కాగితం మడిచి కొంగున కట్టుకుంది. "టార్పాలిన్లు గోదాంల ఉండె. తాళం పడి ఉండె. పండ్లతోని కొరికి తియ్యాల్నా?"

"చావి అడగలేదా?"

"అడిగిన. అంతా కాయితంల ఉందన్నడు. చావి ఆయన జేబుల ఉండె."

మధ్యాహ్నం యాదమ్మ చేతే మిల్లుకు టిఫిన్ క్యారియర్ పంపాను. నాలుగు గిన్నెలూ ఖాళీ. పై గిన్నెలో నా సర్క్యులర్: "భోజన విషయమై అన్ని స్థాయిలలో తగు చర్యలు పరిశీలనలో ఉన్నవి."

రెండింటికి ఆయనే ఇంటికొచ్చారు, వెనకాల యాదమ్మ.

"అన్నమేది?"

"అవగాహన లోపం" అన్నాను.

"ఆకలైతున్నది, శ్యామలా."

"ఇది అర్థమైంది. యాదమ్మక్కూడా ఇట్లాగే చెప్పండి."

ఆయన యాదమ్మ వైపు తిరిగారు. జేబులోంచి చావి తీసి గూట్లో పెట్టారు. "కప్పుమని నేను చెప్పలే. చావి ఇయ్యలే. తప్పు నాదే, యాదమ్మా. రేపు పనికి రా."

"ఇగ గిది సమజైంది" అని, కొంగు ముడి విప్పి, కాగితం ఆయన చేతిలో పెట్టి పోయింది.

అన్నం వడ్డించాను. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగారు. నేను చూస్తూనే ఉన్నాను.

"ఉప్పు మరిచిపోయిన" అన్నారు.