సిగ్నల్ లేని దీవి

ఆ ఉదయం గవరయ్య వేసుకున్న పథకంలో చిక్కేమీ లేదు. ముందు పూజ, తర్వాత టీ, ఆ తర్వాత ఊరేగింపు, చివరికి ఓడ. ఓడను చివర పెట్టడమే పొరపాటని అప్పటికి ఓడకు తప్ప ఎవరికీ తెలియదు.

గవరయ్య కలకత్తా ఖిదిర్‌పూర్ రేవులో ఓడల తాళ్లు కట్టీ విప్పీ రిటైరైన మనిషి. సిక్కోలు నుంచి వచ్చి రేవును నమ్ముకున్న తెలుగువాళ్ల వీధిలో ఓడల గురించి ఆయనదే ఆఖరి మాట. ఏ ఓడ ఎందుకు ఆలస్యమైందో, కెప్టెన్ ఎక్కడ తప్పు చేశాడో, సంఘం గది అరుగు మీద కాలు మీద కాలేసుకుని చెప్పేవాడు. సంఘానికి కొత్త పెద్దను ఎన్నుకునే వేళ దగ్గర పడేసరికి, పెద్ద కూర్చునే కుర్చీ మీద తన తువ్వాలు వేసి ఉంచాడు కూడా. అప్పుడు వీధిలో అందరికన్నా వయసులో పెద్దదైన అప్పాయమ్మ వక్క నములుతూ ఒక మాట అడిగింది.

"ఒరే గవరయ్యా, నువ్వెప్పుడైనా ఓడెక్కినావేట్రా?"

ఎక్కలేదు. బతుకంతా కట్టిన ఓడలే గాని ఎక్కిన ఓడ ఒక్కటీ లేదు. వీధి వీధంతా నవ్వింది. గవరయ్యకు ఒళ్లు మండి, భార్య అమ్మన్నమ్మను తీసుకుని మడదీవికి వెళ్లి వస్తానని అక్కడికక్కడే చాటేశాడు.

మడదీవి అండమాన్‌లో ఎక్కడో కొసన ఉంది. ఆ వీధిలో చాలా ఇళ్లవాళ్ల బంధువులు అక్కడ కొబ్బరి తోటల్లోనూ, చేపల వేటలోనూ బతుకుతున్నారు. అక్కడ ఫోనుకు సిగ్నల్ లేదు. అందుకే వీధిలో ఒక కట్టుబాటు ఏర్పడింది. ఓడెక్కేవాడు ప్రతి ఇంటి మూటా మోసుకెళ్లి అందించాలి. తిరిగొచ్చాక అరుగు మీద కూర్చుని, ఎవరు ఎలా ఉన్నారో, ఏమన్నారో అందరి ముందూ చెప్పాలి. మూట తడిసినా ఓర్చుకుంటారు గాని కబురు చెప్పకపోతే మాత్రం ఊరుకోరు.

కాబట్టి మూటలు వచ్చాయి. అప్పాయమ్మ తన కొడుకు సూరన్నకు ఆవకాయ జాడీ ఇచ్చింది. పక్కింటి రాజకుమారి మొగుడు ప్రదీప్‌కుమార్ కోసం ఎండు నెత్తళ్ల చేపలు కట్టి ఇచ్చింది. ప్రదీప్‌కుమార్ దీవిలో హోటల్ ఉద్యోగమని వెళ్లి ఏడాది దాటింది, కబురు లేదు. సిగ్నల్ లేదు, ఆ ఏడాదిలో వీధి నుంచి ఇంకెవరూ ఓడెక్కలేదు గనక ఎవరూ తప్పు పట్టలేదు. రాజకుమారి మాత్రం మూట ఇస్తూ కళ్లు తుడుచుకుంది.

"సిన్నాన్నా, ఆయన తిన్నాడో లేదో సూసి మరీ రా."

"నా సేత్తో తినిపించి వస్తానమ్మా," అన్నాడు గవరయ్య.

పూజ అయింది. టీ దగ్గర అమ్మన్నమ్మకు కంగారు పుట్టింది. "ఏటయ్యా, ఓడెలిపోద్దేమో. టీ మల్లీ తాగొచ్చు."

"ఒసే, బతుకంతా ఆ ఓడ తాల్లు ఇప్పినోన్ని నాను. అది టైముకి కదిలిన రోజు ఒక్కటి సూపెట్టు!"

ఓడ ఆ రోజే చూపెట్టింది. ఊరేగింపు డప్పులతో రేవు గేటు దాకా వచ్చి, దండలు వేసి, కొబ్బరికాయ కొట్టి వెనక్కి మళ్లింది. పాసు లేనివాళ్లు గేటు దాటడానికి వీల్లేదు. మొగుడూ పెళ్లాలు మూటలన్నీ ఈడ్చుకుంటూ లోపలికి వెళ్లేసరికి, ఓడ ఉండాల్సిన చోట నీళ్లు ఉన్నాయి.

"జాహాజ్ చోలే గేఛే, దాదా," అన్నాడు రేవు కాపలావాడు జాలిగా. ఓడ వెళ్లిపోయింది.

అమ్మన్నమ్మ మూట మీద కూలబడింది. "పద, ఇంటికి పోదారి."

"ఇంటికా? దండ వాడకముందే ఇంటికెల్తే ఆ అప్పాయమ్మ నన్ను బతకనిస్తాదా? ఓడల గవరయ్యకి ఓడ తప్పిపోనాదంటే, కుర్సీ కాదు గదా అరుగు మీద సాపైనా ఎయ్యరు!"

దారి చూపించింది అమ్మన్నమ్మ బొడ్లో ఉన్న తాళం చెవి. ఆమె చెల్లెలి కొడుకు కృష్ణచైతన్యకు ఊరికి అవతలి కొసన న్యూ టౌన్‌లో ఫ్లాటు ఉంది. మొక్కలకు నీళ్లు పోయమని పెద్దమ్మకు తాళం ఇచ్చి, ఫోను లేకుండా బతకడం నేర్చుకోవడానికి బోలెడు ఖర్చు పెట్టి ఏదో విదేశీ దీవికి వెళ్లాడు. నేర్చుకుంటున్నానంటూ అక్కడి నుంచి గంటకో ఫోటో పంపుతున్నాడు. ఇద్దరూ క్యాబ్ ఎక్కి, రేవు వెనుక గేటు నుంచి న్యూ టౌన్ దారి పట్టారు.

ఆ అపార్ట్‌మెంట్ల పేరు కోరల్ ఐలాండ్ రెసిడెన్సీ. మధ్యలో సిమెంటు చెరువు, చెరువు మధ్య ఇసక దిబ్బ, దిబ్బ మీద కర్రల ఊతంతో నిలబడ్డ కొబ్బరి చెట్లు. ఇసక మీద నడవరాదని బోర్డు. సముద్రం చూడటానికి తీరిక లేనివాళ్లు సముద్రానికి కూడా మెయింటెనెన్స్ కట్టి ఇంటి కిందే పెట్టుకున్నారు. ఎదురు ఫ్లాటులో ఎవరుంటారో ఎవరికీ తెలియదు, తెలుసుకోవాలని ఎవరికీ లేదు. దాక్కోవడానికి ఇంతకన్నా మంచి దీవి అండమాన్‌లో కూడా దొరకదని గవరయ్య మురిసిపోయాడు.

ఓడ ప్రయాణానికి పట్టే రోజులు ఓపికగా గడిపి, ఆ తర్వాత లుంగీ పైకి కట్టి, కొబ్బరి చెట్టు పక్కన నిలబడి ఫోటో తీసుకున్నాడు. 'మడదీవిలో దిగినాం' అని వీధి గ్రూపులో పెట్టాడు. పొలోమని దండాలు, చప్పట్లు వచ్చాయి. ఆ చప్పట్లతో ఆయనకు కిక్కెక్కింది. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి చొప్పున ఫోటోలు వెళ్లాయి. వాటిలో తన ముఖం దాటి ఆయన ఏదీ చూసుకోలేదు.

ఈలోగా మూటలు మగ్గడం మొదలుపెట్టాయి. బూరెలు బూజు పట్టాయి. వాటిని చీకటి పడ్డాక చెత్త డబ్బాలో వేశారు. ఎండు నెత్తళ్లు మాత్రం తమ ఉనికి తామే చాటుకున్నాయి. ఏసీ గొట్టాల గుండా ఆ వాసన అంతస్తు అంతస్తూ ఎక్కింది. ఎవరో చనిపోయారని ఒక ఫ్లాటువాళ్లు, గ్యాసు లీకైందని ఇంకొకళ్లు ఫిర్యాదు చేశారు. మొత్తానికి ఎన్నాళ్లకో ఆ కాంప్లెక్సులో మనుషులు ఒకరితో ఒకరు మాట్లాడుకున్నారు. చివరికి సెక్యూరిటీ గార్డు వచ్చి తలుపు కొట్టాడు.

తలుపు తీసిన గవరయ్య నోరు తెరిచినవాడు మూయలేదు. గార్డు చేతిలోని విజిల్ కింద పడింది.

"మావా!"

"ప్రదీపు! నువ్వు మడదీవిలో కదరా ఉన్నావు?"

"నువ్వూ అక్కడే కదా మావా ఉన్నావు?"

గార్డు లోపలికొచ్చి, తలుపు వేసి, తన సంగతి చెప్పాడు. దీవిలో హోటల్ ఉద్యోగమన్న ఏజెంటు ప్రదీప్‌కుమార్‌ను నిలువునా ముంచి పారిపోయాడు. ఉద్యోగమంటూ దండలేయించుకుని గేటు దాటినవాడు ఏ ముఖంతో వెనక్కి వెళ్తాడు? ఇక్కడ యూనిఫాం తొడిగాడు. సిగ్నల్ లేని దీవి అతని పరువును ఏడాదిగా కాపాడుతోంది.

అమ్మన్నమ్మ నెత్తళ్లు వేయించి అన్నం పెట్టింది. ప్రదీప్‌కుమార్ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, పెళ్లాం చేతి ఉప్పు గుర్తుపట్టి, భోరుమని ఏడ్చాడు. గవరయ్యకూ కళ్లు చెమర్చాయి. మూటలన్నిటిలో చేరాల్సిన మనిషికి చేరింది అదొక్కటే.

"నువ్వు నన్ను సూడలేదు, నాను నిన్ను సూడలేదు," అని ఇద్దరూ ఒట్టేసుకున్నారు.

తిరుగు ఓడ లెక్క చూసుకుని, దారిలో బుట్టెడు గవ్వలు కొనుక్కుని, గవరయ్య వీధిలోకి దిగాడు. అరుగు ముందు ఎన్నడూ లేనంత జనం. కూర్చోవడానికి చోటు లేక కొందరు గోడలెక్కారు. అది తన పలుకుబడేననుకుని గవరయ్య గొంతు సవరించుకున్నాడు.

అప్పాయమ్మ ముందు వరసలో కూర్చుంది. "సెప్పరా నాయనా. మా సూరన్న ఎలాగున్నాడు?"

"రాయిలాగున్నాడు అప్పాయమ్మా! నీ ఆవకాయ జాడీ కల్లకద్దుకున్నాడు. మాయమ్మ సేతి వంటంటా అక్కడికక్కడే ముద్దలు కలుపుకుని తిన్నాడు. నన్ను ఓడ దాకా సాగనంపి, సెయ్యూపుతా ఉండిపోనాడు పాపం, కనుమరుగయ్యే దాకా."

"సెయ్యూపినాడా?"

"నా కల్లారా సూసినాను."

అప్పాయమ్మ వెనక్కి తిరిగింది. "ఒరే సూరన్నా, మీ గవరయ్య బావకి ఇంకోపాలి సెయ్యూపరా."

ఆమె వెనక నుంచి సూరన్న లేచి నిలబడి చేయి ఊపాడు. గవరయ్య బయల్దేరిన వారానికే అతను వేరే ఓడలో ఇంటికి దిగాడు. ఇద్దరూ దారిలో ఒకరినొకరు దాటిపోయి ఉంటారనే వీధి మొదట అనుకుంది. ఆ తర్వాత సూరన్న గ్రూపులో ఫోటోలు చూశాడు.

"బావా, మా దీవిలో సిగ్నలే లేదు గదా. పూటకో ఫోటో ఎక్కడి నుంచి ఎట్టినావు?" బుట్టలోంచి ఒక గవ్వ తీసి తిరగేశాడు. దాని అడుగున బెంగాలీలో 'దీఘా' అని అచ్చేసి ఉంది. కలకత్తావాళ్లు సెలవు రోజుల్లో మునకలేయడానికి పోయే బీచి అది. "మా దీవి పేరు ఎప్పుడు మార్సినారు?"

ఇక ఆ నవ్వు పక్కపేట ఏక్‌బాల్‌పూర్ దాకా వినబడి ఉంటుంది. గోడ మీదివాళ్లు కింద పడ్డారు. అప్పాయమ్మ నెమ్మదిగా లేచి, కుర్చీ మీది తువ్వాలు తీసి, మడత పెట్టి, గవరయ్య చేతికిచ్చి, తానే కుర్చీలో కూర్చుంది. ఎన్నిక అయిపోయింది.

నవ్వనిది రాజకుమారి ఒక్కతే. జనాన్ని తోసుకుంటూ వచ్చి, ఫోనులో ఒక ఫోటో పెద్దది చేసి గవరయ్య ముందు పెట్టింది.

"సిన్నాన్నా, నీ ఎనకాల, సెట్టుకాడ, విజిలట్టుకుని నిలబడ్డోడు ఎవుడు?"

గవరయ్య మొదటిసారి ఆ ఫోటోలో తన ముఖం దాటి చూశాడు. ఒట్టు గుర్తొచ్చింది. ఆ పిల్ల ముఖం చూశాక ఒట్టు నిలవలేదు.

"ఆడేనమ్మా. సిగ్గుతో రాలేకపోనాడు. ఇందాకటి నుంచీ అన్నీ అబద్దాలే ఆడినాను గాని, నీ నెత్తల్లు తిని ఆడు ఏడ్సింది మాత్రం నిజం. నా మీదొట్టు."

రాజకుమారి కొంగుతో కళ్లు ఒత్తుకుంది. తర్వాత కొంగు దోపుకుంది.

"ఏడ్సినాడా? ఇంకా ఏడుస్తాడు. ఆ దీవికి ఏ బస్సెల్తాది?"

మర్నాడు పొద్దున దండలు లేవు, డప్పులు లేవు. పూజ చేసుకుని, టీ తాగి వెళ్దామని రాజకుమారి అన్నా గవరయ్య వినలేదు. "టీ ఒద్దు, ఏటొద్దు, బస్సు తప్పిపోద్ది, బేగి పద!" అని చీకటితోనే లేపి, ఆమెను స్టాపుకు పరిగెత్తించాడు.

బస్సు గంటన్నర ఆలస్యంగా వచ్చింది.