జ్ఞానతండ్రి లేని బాతు

మెక్సికోలోని ఉరువాపన్ పట్టణంలో అవకాడో తోటలకూ, అంతకంటే ఎక్కువగా గట్టి గొంతులకూ పేరుపడ్డ బర్రాగాన్ కుటుంబం, తమ వంశాంకురం నీకో మూడేళ్ల పండుగ సందర్భంగా, లియోన్ పొలిమేరల్లోని 'ఆనంద సామ్రాజ్యం' అనే వినోద ఉద్యానానికి సకుటుంబంగా తరలివెళ్లాలని ఏకగ్రీవంగా తీర్మానించింది. నీకో తల్లి మరిక్రూస్ ఆ సమయానికి వంటింట్లో పెనం మీద టమాటాలు కాలుస్తోంది కాబట్టి ఆమె ఓటు అవసరం పడలేదు.

యాత్ర ఉద్దేశం పూర్తిగా వైద్యపరమైనది. మూడేళ్లు నిండినా నీకో నోట మాట రాలేదు. చెవులు బాగున్నాయి, తెలివి బాగుంది, పిలిస్తే పలకడు గానీ తిరిగి చూస్తాడు. పట్నంలో డాక్టరమ్మ వాణ్ని అటూ ఇటూ తిప్పి చూసి, "పిల్లాడికి ఏ లోపమూ లేదండీ. ఇంట్లో కాస్త తగ్గి మాట్లాడండి. వాడు నోరు తెరిస్తే, మాట బయటికొచ్చేదాకా ఆగండి" అంది. ఆ సలహా కుటుంబానికి అందలేదు. అప్పుడు గదిలో కుటుంబమంతా ఒకేసారి మాట్లాడుతోంది. విన్నది మరిక్రూస్ ఒక్కతే. ఇంటికెళ్లాక ఆ మాట చెప్పబోయింది గానీ, అది చెప్పడానికీ సందు దొరకలేదు.

అత్తగారు దోన్యా ఒబ్దూలియా డాక్టరమ్మ వయసు చూసి పెదవి విరిచి, సొంతంగా రోగ నిర్ధారణ చేసింది. "ఏముంది, జడుసుకున్నాడు వెధవ. లోపల జడుపు కూర్చుని మాటని బయటికి రానివ్వట్లేదు." దానికి తగ్గ వైద్యమే జరిగింది. పచ్చి కోడిగుడ్డుతో వాడికి నఖశిఖపర్యంతం దిగదుడిచారు. చర్చిలో దివ్యప్రసాదం పెట్టె తాళంచెవి అడిగి తెచ్చి, వాడి నోట్లో పెట్టి కుడివైపు తిప్పారు. మా ప్రాంతంలో ఎందరి నోళ్లో ఆ తాళంచెవితోనే తెరుచుకున్నాయి. కొన్ని తెరుచుకున్నాక మూతపడనే లేదు, దోన్యా ఒబ్దూలియా తమ్ముడు ఫిదెన్సియో అందుకు నిదర్శనం. నీకో మాత్రం తాళంచెవిని చప్పరించి ఊరుకున్నాడు. తాళంచెవిని చర్చికి తిరిగి ఇవ్వకుండా దోన్యా ఒబ్దూలియా ముందుచూపుతో తన ఏప్రాన్ జేబులోనే వేసుకుంది.

"జడుపుని జడుపుతోనే దింపాలక్కా. ఉద్యానానికి తీసుకెళ్దాం. ఒక్క అరుపు అరిచాడంటే గొంతు తెరుచుకుంటది, వెనకాలే మాటలూ తన్నుకొస్తాయి" అన్నాడు ఫిదెన్సియో. ఈయన లారీల మీద అవకాడోలు పంపించే వ్యాపారి. లారీ దానంతట అది కదిలినా తన ఉపన్యాసం వల్లే కదిలిందని నమ్మేవాడు.

ఇక ఏయే సవారీలు పసివాడికి తగినవో ఎంచుకోవాలి. ఇలాంటి విషయాల్లో మా వాళ్లది చక్కటి పద్ధతి. జ్ఞానస్నానంలో బిడ్డకి బాధ్యత వహించేవాళ్లలాగే, ఏ వేడుకైనా ప్రతి అంశానికీ దాని భారం మోసే ఒక జ్ఞానతండ్రో జ్ఞానతల్లో ఉంటారు. కేకుకి ఒకరు, బాజాకి ఒకరు, పిల్లాడి బూట్లకి ఒకరు. ఎవరు దేన్ని ఒప్పుకుంటే అది వాళ్ల పరువు. కాదనడమంటే బంధుత్వం తెంచుకోవడమే. అదే ప్రకారం సవారీలకూ జ్ఞానతండ్రుల్ని నియమించారు.

నీకో తండ్రి ఎలియాసర్ ఢీకొట్టే కార్లకి జ్ఞానతండ్రి అయ్యాడు. ఉరువాపన్ వీధుల్లో బతకబోయేవాడికి ఆ విద్య ఎంత తొందరగా వస్తే అంత మంచిదని ఆయన అభిప్రాయం. ఎలియాసర్ అక్క ఒర్తెన్సియా, బడిపిల్లల్ని ముప్పై ఏళ్లు వణికించి రిటైరైన ఉపాధ్యాయిని, 'ఏడ్చే అమ్మ గుహ'ను స్వీకరించింది. సొంత పిల్లల్ని ఏట్లో ముంచేసి, వాళ్ల కోసం తెల్ల గౌనులో అరుచుకుంటూ తిరిగే దయ్యం ఈ ఏడ్చే అమ్మ. పసి మనసుల్లో మాతృప్రేమ నాటడానికి అంతకంటే మంచి పాఠం లేదని ఒర్తెన్సియా తేల్చింది. దోన్యా ఒబ్దూలియా కొండమీంచి నీళ్లలోకి దూకే దుంగపడవను తీసుకుంది. జ్ఞానస్నానంలో నెత్తిన నీళ్లు పడితే ఏ పిల్లాడికీ చెడు జరగలేదు కదా, నీళ్లు ఎక్కువైతే పుణ్యం కూడా ఎక్కువే. అన్నిటికంటే పెద్దదైన 'రెక్కల సర్పం', తలకిందులుగా పరిగెత్తే రైలు, సహజంగానే ఫిదెన్సియోకి దక్కింది.

అప్పుడే నీకో బల్లమీద పరిచిన ఉద్యానం బొమ్మల కాగితం మీద వేలు పెట్టాడు. వేలి కింద చిన్న కుంట, అందులో గుండ్రంగా తిరిగే పసుపుపచ్చ బాతులు ఉన్నాయి. వేలు తీయకుండా తల్లి మొహంలోకి చూశాడు. మూడేళ్ల జీవితంలో వాడు పెట్టుకున్న మొదటి విన్నపం అది.

"వాడు బాతు ఎక్కుతానంటున్నాడు," అంది మరిక్రూస్.

"అన్నాడా? నాకేం వినపళ్లేదే!" అని ఫిదెన్సియో పడీ పడీ నవ్వాడు.

"బాతుకి జ్ఞానతల్లి ఎవరమ్మా?" అంది ఒర్తెన్సియా.

"నేనుంటాను వదినా."

గదిలో కలకలం రేగింది. కన్నతల్లి జ్ఞానతల్లి ఎలా అవుతుంది? ఏ చర్చిలో ఉంది ఈ ఆచారం? "ఆకలేసిందా ఏంటే నీకు? ఏదేదో వాగుతున్నావ్" అని అత్తగారు జాలిపడింది. బాతుకి జ్ఞానతండ్రిగా ఎవరూ ముందుకు రాలేదు. నెమ్మదిగా వెళ్లే దానికి పెద్దమనిషి ఎవడు పరువు పెడతాడు? బాతును జాబితాలోంచి తొలగించారు.

మరిక్రూస్ సరే అంది. ఆమెకొక అలవాటుంది. ఈ ఇంట్లో దేనికైనా 'సరే' అనే ముందు, పెదవులు కదిలీ కదలకుండా, తనకే వినపడేలా 'వద్దు' అనుకునేది. పెళ్లయిన కొత్తలో మొదలైన అలవాటు. పక్కనున్నవాళ్లకు ప్రార్థనలా కనిపించేది కాబట్టి ఎవరూ ఏమీ అనేవాళ్లు కాదు. నీకో పుట్టినప్పటి నుంచి ఆమె చంకలోనే పెరిగాడు. వాడి చెవి ఎప్పుడూ ఆమె పెదవులకి దగ్గరగానే ఉండేది.

ఉద్యానం ద్వారం దగ్గర ఒక చెక్క కోతి బొమ్మ నిలబడి ఉంది. దాని భుజం అంత ఎత్తు లేని పిల్లలకు పెద్ద సవారీలు నిషిద్ధం. కుటుంబం దీనికి సిద్ధపడే వచ్చింది. నీకోకి పండుగ బట్టలతో పాటు ఎత్తు మడమల బూట్లు తొడిగి, నెత్తిన వెడల్పాటి టోపీ పెట్టారు. టోపీ కళ్లు దాటి ముక్కు మీదికి దిగింది. ఆ రోజు నీకో ఆనంద సామ్రాజ్యాన్ని ఎక్కువ భాగం టోపీ లోపలినుంచే దర్శించాడు.

"టోపీ లెక్కలోకి రాదండీ," అంది ద్వారం దగ్గరున్న అమ్మాయి.

"టోపీ తలలో భాగం కాదని ఎక్కడ రాసుందమ్మా?" అని ఫిదెన్సియో గొంతు సవరించుకున్నాడు. వెనక వరుస పెరిగిపోతుంటే ఆ అమ్మాయి లోపలికి పొమ్మంది.

ఢీకొట్టే కార్లలో తండ్రి ఎవర్నీ వదలకుండా ఢీకొట్టాడు. నీకో అరవలేదు. తల్లి గౌను అంచు పట్టుకున్నాడు. గుహలో ఏడ్చే అమ్మ శోకాలు పెడుతూ ఎదురొచ్చింది, కానీ ఒర్తెన్సియా ఆ కథ అసలెలా చెప్పాలో ఆమెకే పాఠం చెబుతుండడంతో ఆ ఏడుపు ఎవరికీ వినపడలేదు. కాసేపటికి దయ్యం జుట్టు సర్దుకుని, "మేడమ్, మీరే చెప్పుకోండి, నేను టీ తాగొస్తా" అని వెళ్లిపోయింది. నీకో అరవలేదు. తల్లి చూపుడువేలు పట్టుకున్నాడు. దుంగపడవ కొండమీంచి దూకినప్పుడు దోన్యా ఒబ్దూలియా పునీతురాలై నిలువునా తడిసింది, నీకో బూట్ల నిండా నీళ్లు చేరి ఒక మడమ ఊడి కొట్టుకుపోయింది. నీకో అప్పుడూ అరవలేదు. తల్లి మెడకు కరుచుకుని, ఆమె పెదవుల దగ్గర చెవి పెట్టి వణుకుతున్నాడు. మరిక్రూస్ పెదవులు ఆగకుండా కదులుతున్నాయి. పిల్లాడు మాట్లాడకపోయినా ఫరవాలేదు, ఈ రోజు వీణ్ని ముక్కలు కాకుండా ఇంటికి చేర్చుకుంటే చాలని ఆమె ప్రాణం కొట్టుకుంటోంది.

మడమ పోవడంతో రెక్కల సర్పం దగ్గర నిలబెట్టిన మరో కోతి భుజానికి వాడు అందలేదు. ఫిదెన్సియో పరువుకి ఇది పెద్ద గండం. అయితే అనుభవజ్ఞులున్న కుటుంబం కాబట్టి, మధ్యాహ్నం తిన్న తమాలెలకు, అంటే ఆవిరి మీద ఉడికించిన మొక్కజొన్న పిండి ముద్దలకు, చుట్టిన పొత్తు ఆకుల్ని మడతలు పెట్టి బూట్లలో దట్టించారు. వాణ్ని వాటి మీద నిలబెట్టారు. కొలత సరిపోయింది. అక్కడి కాపలా అమ్మాయి ఇంకా సందేహిస్తూ నిలబడితే, ఫిదెన్సియో ఉపన్యాసం అందుకున్నాడు.

"చూడమ్మా! మా పూర్వీకులు ఈ గడ్డ మీద ఏ కొలతలూ లేకుండా ఎదిగారు! ఈ పిల్లాడికి మాట రావడానికి దేశమంతా ఎదురుచూస్తోంది! జ్ఞానతండ్రిగా నేను నా రక్తం..."

ఇక్కడ ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. రైలు కూడా అప్పుడే ఆగి ఉంది. ఆ కాస్త సందులో, టోపీ కిందనుంచి, స్పష్టంగా, ఒక చిన్న గొంతు వినపడింది.

"వద్దు."

ఒక్క క్షణం ఎవరికీ నమ్మకం కలగలేదు. తర్వాత చప్పట్లు మోగాయి. దోన్యా ఒబ్దూలియా గుండెల మీద శిలువ గుర్తు వేసుకుని బావురుమంది. ఎలియాసర్ కొడుకు టోపీని గాల్లోకి ఎగరేశాడు. "మాట వచ్చింది! మా వాడికి మాట వచ్చింది!" అని వరుసలో ఉన్న ముక్కూమొహం తెలియని వాళ్లను కూడా కావలించుకున్నాడు.

"చూశారా? సర్పం పక్కన నిలబడితేనే ఒక మాట వచ్చింది. ఎక్కితే వాక్యాలకి వాక్యాలే! ఎక్కించండి, ఎక్కించండి!" అన్నాడు ఫిదెన్సియో.

"ఏదీ నాన్నా, మళ్లీ అను! సర్పం ఎక్కుతావా?" అని అడిగాడు ఎలియాసర్.

"వద్దు."

మళ్లీ చప్పట్లు కొట్టారు. "ఎంత ముద్దుగా అంటున్నాడో!" అంటూ నానమ్మ వాడి బుగ్గ గిల్లి, సీటు వైపు నెట్టింది.

"వద్దు," అంది మరిక్రూస్. పెద్దగానే అంది. ఆ గొంతు అంత పెద్దదని ఆమెకే తెలియదు.

చప్పట్లు మరింత జోరందుకున్నాయి. "భలే! తల్లి పక్కనుండి నేర్పుతోంది చూడండి, అలా నేర్పాలి!" అని ఒర్తెన్సియా వృత్తిపరంగా మెచ్చుకుంది.

మరిక్రూస్ వంగి కొడుకుని బూట్లలోంచి పైకి లాగి, చంకనేసుకుని, జనాన్ని తోసుకుంటూ వెళ్లిపోయింది. ఆకులు దట్టించిన బూట్లు మాత్రం కోతి పక్కన నిటారుగా నిలబడి ఉన్నాయి. ఒప్పుకున్న సవారీ జరగకపోతే జ్ఞానతండ్రి పరువేం కాను? అందుచేత ఫిదెన్సియో ఆ బూట్లనూ టోపీనీ ఒళ్లో పెట్టుకుని, పిల్లాడి తరఫున తానే సర్పం ఎక్కాడు. మూడు మెలికలు తిరిగి దిగేటప్పటికి టోపీ లేదు, మొహంలో రంగు లేదు. నోరు తెరిచాడు. మాట రాలేదు.

బాతుల కుంట దగ్గర వరుస లేదు, అసలు మనిషే లేడు. సామ్రాజ్యానికి వచ్చిన తల్లిదండ్రులందరూ తమ పిల్లలకి అది మరీ చిన్నతనమని నిర్ణయించినట్లున్నారు. తల్లీకొడుకులు ఎక్కిన బాతు, నిజం బాతు నడిచినంత నెమ్మదిగా కదిలింది. మరిక్రూస్ డాక్టరమ్మ చెప్పినట్టు నోరు మెదపకుండా కూర్చుంది. ఒక చుట్టు తిరిగింది. నీకో నోరు తెరిచాడు, మూశాడు. ఆమె ఆగింది. ఇంకో చుట్టు తిరిగింది.

"బాతు," అన్నాడు.

ఆమె చప్పట్లు కొట్టలేదు. కళ్లలోంచి నీళ్లు కారుతుంటే తుడుచుకోకుండా అలాగే చూసింది.

"అమ్మా, బాతు తడిసింది," అన్నాడు నీకో.

"అవున్రా కన్నా. తడిసింది," అంది.

తిరుగు ప్రయాణంలో దోన్యా ఒబ్దూలియా తమ్ముడి నోట్లో తాళంచెవి పెట్టి కుడివైపు చాలాసార్లు తిప్పింది. ఫలితం కనపడలేదు. ఫిదెన్సియో మాట్లాడకపోవడంతో ఆయన మాటకు అడ్డం చెప్పే పని మిగతావాళ్లకి తప్పింది. బర్రాగాన్‌ల వ్యాను చరిత్రలో మొదటిసారి నిశ్శబ్దం అలుముకుంది. ఆ నిశ్శబ్దంలో నీకో కిటికీలోంచి ఆవుల్ని, కొండల్ని, చందమామని ఒక్కొక్కటిగా పేరుపెట్టి పలకరిస్తూ ఊరు చేరాడు.

పది రోజుల తర్వాత గొంతు తిరిగొచ్చాక, పిల్లాణ్ని బాగుచేసింది రెక్కల సర్పమేనని ఫిదెన్సియో ప్రకటించాడు. కుటుంబం ధ్రువీకరించింది. బాతు ప్రస్తావన రాలేదు.

అయితే కొత్త సమస్య తలెత్తింది. నీకో ఇప్పుడు అన్నీ మాట్లాడుతున్నాడు, అందులో మొదటి మాటనూ మరిచిపోలేదు. ఫిదెన్సియో మీసాల బుగ్గకి ముద్దు పెట్టమంటే వద్దన్నాడు. చుట్టాల ముందు పద్యం చెప్పమంటే వద్దన్నాడు. కడుపు నిండాక కుక్కిన ముద్ద వద్దన్నాడు. పిల్లలకు మాటలు రావాలని మొక్కుకోని ఇల్లు మా ప్రాంతంలో లేదు. వచ్చిన మాట వినే ఓపిక తమకివ్వమని మొక్కుకున్న ఇల్లు ఎక్కడైనా ఉంటే, పాఠకులు దయచేసి చిరునామా తెలియజేయగలరు.

ఆదివారం అత్యవసర సమావేశం జరిగింది. "పిల్లాడు చేయి దాటిపోతున్నాడు" అని ఒర్తెన్సియా నివేదించింది. "ఇంతకీ ఈ మాట వీడికి ఎవరు నేర్పారు?" అని ఎలియాసర్ ఆశ్చర్యపోయాడు. దోన్యా ఒబ్దూలియా ఏప్రాన్ జేబులోంచి తాళంచెవి తీసింది.

"కుడికి తిప్పితే తెరుచుకుంది కదా. ఎడమకి తిప్పితే సరి."

అందరూ ఆమె తెలివికి తలలూపారు. పరిహారం నిర్వహించడానికి జ్ఞానతండ్రిగా ఉంటానని ఫిదెన్సియో లేచి నిలబడ్డాడు. నీకో గోడకి ఆనుకుని, రెండు చేతులతో నోరు మూసుకున్నాడు.

"వద్దు," అన్నాడు చేతుల సందులోంచి.

మరిక్రూస్ వంటింట్లోంచి వచ్చింది. పెనం మీద టమాటాలు మాడుతున్న వాసన వస్తోంది. నేరుగా వెళ్లి కొడుక్కీ తాళంచెవికీ మధ్య నిలబడింది.

"వద్దంటున్నాం," అంది.

ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు.