మావాడికి పొట్టి చెయ్యి

ఆ ఆదివారం లహరి వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పొద్దున్నే ప్రొద్దుటూరులో బయలుదేరాలి, పులివెందుల మైదానంలో రిమోటు విమానాల పోటీలో తన జెట్టును ఎగరెయ్యాలి, పొద్దుగూకేలోగా ఇల్లు చేరాలి. కాలేజీలో ఫిజిక్స్ చెప్పే లహరి ఆ జెట్టును సొంతంగా తయారు చేసుకుని, ముద్దుగా ‘మావాడు’ అని పిలుచుకుంటోంది. పోయినేడు ఇదే పోటీలో ఆమె మొదటి జెట్టు నేలకు గుద్దుకుని ముక్కలైతే అందరూ నవ్వారు. ఆ నవ్వు ఆమె చెవుల్లోంచి ఇంకా పోలేదు. భర్త పవన్ షామియానా వేయించడానికి ముందే పులివెందుల వెళ్లిపోయాడు.

కారెక్కించే ముందు జెట్టును ఒకసారి పరీక్షిస్తుంటే టక్కుమంది. తోకరెక్కను ఆడించే సర్వో మోటారుకు బొటనవేలి గోరంత ప్లాస్టిక్ చెయ్యి ఉంటుంది. మోటారును పట్టుకునే దాని పండ్లు ఊడిపోయాయి. లహరి వెంటనే జమ్మలమడుగులో ఉండే తోటి విమానాల పిచ్చివాడు ఆరిఫ్‌కు ఫోన్ చేసింది.

“మావాడి చెయ్యి పోయింది ఆరిఫ్! పండ్లన్నీ రాలిపోయినాయి. ఇంక ప్లాస్టిక్‌ది వద్దు, అల్యూమినియం చెయ్యే పెట్టాల. బస్టాండు కాడ టీ అంగట్లో ఉండు, వస్తాండా. మా అత్తమ్మకు మాత్రం చెప్పాకు, అపశకునమని ఆపేస్తాది.”

వంటింట్లో ఉప్మా కలుపుతున్న అత్తగారు శివమ్మకు జెట్టు ముద్దుపేరు తెలీదు. ఆమెకు మొదటి రెండు ముక్కలూ, టీ అంగడి మాటా, ‘అత్తమ్మకు చెప్పాకు’ అన్న ముక్కా మాత్రమే బాగా వినిపించాయి. కొడుక్కి ఫోన్ చేసింది. గుంజలు పాతిస్తున్న పవన్ ఫోన్ ఎత్తలేదు. చెయ్యి పోయింది కొడుక్కేనని ఇక ఆమెకు అనుమానం మిగల్లేదు. కోడలి కారు సందు దాటగానే జమ్మలమడుగులోని చెల్లెలు వెంకటమ్మకు ఏడుస్తూ ఫోన్లో కబురు చెప్పి, టీ అంగడికి పొమ్మంది.

వెంకటమ్మ టీ అంగడి చేరేసరికి లహరి, ఆరిఫ్ సర్వో చేతులున్న ఒక డబ్బా మీదికి వంగి ఉన్నారు.

“పొడుగు చెయ్యి పెట్టక్కా. ముక్కు గబుక్కున లేస్తాది, జనం ఈలలేస్తారు,” అన్నాడు ఆరిఫ్.

“పోయినేడు పొడుగుదే పెట్టి ముక్కలు ఏరుకున్న్యాం గదప్పా! జెట్టు వేగానికి గాలి ఎదురు తోస్తాది. పొడుగు చెయ్యి ఆ తోపుకు లొంగిపోతాది. పొట్టిదే పెడదాం. తక్కువ కదిలినా పట్టు ఇడవదు.”

చెయ్యి మాట తప్ప ఇంకేదీ చెవికెక్కని వెంకటమ్మ నోట్లో కొంగు కుక్కుకుని వెనక్కి పరిగెత్తింది. కొడుకు కోసం పులివెందులకు బయలుదేరిన అక్క జీపులో రాగానే బావురుమంది. “అక్కా, మన పిల్లోనికి పొట్టి చెయ్యి పెడతాండారే!”

ఆ జీపులో అప్పటికే ప్రొద్దుటూరు చుట్టాలు సగం మంది ఉన్నారు. జమ్మలమడుగులో మిగతా సగం ఎక్కారు. విరిగిన ఎముకలకు కట్టు కట్టే బాషా కూడా వెదురు బద్దలు, నూనె సీసా పట్టుకుని ఎక్కాడు.

పులివెందులలో పవన్ బజ్జీ నోట్లో పెట్టుకోబోతుండగా జీపు ఆగింది. శివమ్మ ఒక చేతిని, వెంకటమ్మ ఇంకో చేతిని అందుకున్నారు. బజ్జీ నేలపాలైంది. బాషా భుజం దగ్గర్నుంచి నొక్కుకుంటూ వచ్చి, ఎక్కడా విరగలేదని పెదవి విరిచాడు.

“ఇది నీ సొంత చెయ్యేనా నాయనా?” అంది వెంకటమ్మ.

“ఏంది చిన్నమ్మా నువ్వు! సొంతంది గాక బాడుగదా?”

“నోరు తెరువు,” అంది శివమ్మ. పండ్లు కూడా అన్నీ ఉన్నాయి.

గోల విని వచ్చిన లహరి, జెట్టు తోక కింద బిగించిన చెయ్యి చూపించి సంగతి చెప్పింది. జీపెడు చుట్టాలు ఆ గోరంత ముక్కను వంతులవారీగా వంగి చూశారు. ఒక్కరూ నవ్వలేదు. ఇంత దూరం ఏడ్చుకుంటూ వచ్చినవాళ్లకు నవ్వు అంత తొందరగా రాదు.

ఇంతలో పోటీలో లహరి వంతు వచ్చింది. గాలి ఎదురుగా కొడుతోంది. ముందు ఎగిరిన రెండు జెట్లు తాగినవాళ్లలా తూలుతూ దిగాయి. లహరి జెట్టు రయ్యిమని లేచింది. గాలి తోసింది, తోక చలించలేదు. దారం పట్టి గీసినట్టు మైదానమంతా చుట్టి, తలకిందులుగా ఒకసారి దూసుకుపోయి, చెప్పినమాట వినే పిల్లాడిలా వచ్చి వాలింది. అప్పుడు కేకలేశారు జీపు జనం. పోయినేడు నవ్వినవాళ్లు కూడా లేచి నిలబడ్డారు. మొదటి బహుమతి లహరిదే.

శివమ్మ కప్పు అందుకుని చుట్టూ చూసింది. “శానామంది పొడుగుది పెట్టమన్న్యారంట. పొట్టిదే మేలని మా ఇంట్లో అందరికీ తెలుసు!”

తిరుగు ప్రయాణంలో జీపు ముందు సీటు కప్పుకు, కారులో లహరి సీటు తప్ప మిగతాదంతా జెట్టుకు ఇచ్చారు. పవన్ బస్సులో వచ్చాడు.