తొమ్మిది నుంచి పదకొండు దాకా లేరు

కార్డుల కంపెనీలో మాటలు రాసే ఆయనకు మూడు నెలలుగా ఒక్క మాట తట్టలేదు. పెళ్ళికీ పుట్టినరోజుకీ చిటికెలో రాసి పారేసేవాడే, సంతాపం కార్డు దగ్గర మాత్రం బండి మొరాయించింది. "తీరని లోటు", "ఆత్మకు శాంతి" అరిగిపోయాయనీ, చదవగానే గుండె పట్టేసే కొత్త వాక్యం కావాలనీ మేనేజరు పట్టుబట్టాడు. అందుకు ఇచ్చిన గడువు ఈరోజు మధ్యాహ్నం పన్నెండుకు తీరిపోతుంది. రాయకపోతే పదిహేనేళ్ళుగా కూర్చున్న కుర్చీ ఇంకొకరిది. ఆఫీసులో అందరూ ఆయన్ని మాటలాయన అనే పిలుస్తారు. కుర్చీతో పాటు ఆ పేరు కూడా పోతుందన్నదే ఆయన అసలు దిగులు.

ఆ దిగులుతోనే, బుర్రకు పదునుపెట్టే పుస్తకం ఒకటి కొని తెచ్చుకున్నాడు. "రోజుకు రెండు గంటలు ఈ లోకంలో లేనట్టు ఉండండి. ఆలోచనే మిమ్మల్ని వెతుక్కుంటూ వస్తుంది" అని రాసి ఉంది అందులో. వెతుక్కుంటూ రావడం అన్న ముక్క చదవగానే ఆయన వీపు ఎందుకో జలదరించింది. అయినా వేరే దారి లేదు.

"ఇదిగో, తొమ్మిది నుంచి పదకొండు దాకా ఎవరు ఫోన్ చేసినా నేను లేనని చెప్పు," అన్నాడు పొద్దున్నే భార్యతో.

"మీ మేనేజరు గారు చేస్తేనో?"

"ఆయనకైతే ఇంకాస్త గట్టిగా చెప్పు."

ఆవిడ బళ్ళో లెక్కల టీచరు. చెప్పమన్నది పొల్లుపోకుండా చెప్పడం ఆవిడకు అలవాటు. తొమ్మిదింపావుకు ఫోన్ మోగింది. మాటలాయన గదిలోంచి చెవి ఒగ్గి విన్నాడు.

"ఆయన లేరండీ... ఇందాకే, తొమ్మిదింటికి... అబ్బే, ఏ ఇబ్బందీ పడలేదు. కాఫీ తాగి గదిలోకి వెళ్ళారు, అంతే... నాకు ముందే చెప్పారండీ... నాకేం ఫర్వాలేదు, బడికి టైమవుతోంది, వెళ్ళాలి."

శభాష్ అనుకుని ఆయన చెవుల్లో దూది కుక్కుకున్నాడు.

మాట రాలేదు. నిశ్శబ్దం మాత్రం గదినిండా వచ్చి కూర్చుంది. కాసేపటికి వెనకాల ఎవరో నిలబడి తన తెల్ల కాగితం చదువుతున్నట్టు అనిపించింది. గబుక్కున తిరిగి చూస్తే గోడ తప్ప ఏమీ లేదు. అలా నాలుగుసార్లు తిరిగాడు. అయిదోసారి తిరగడానికి ధైర్యం చాలక, పదకొండు కొట్టేదాకా మెడ బిగబట్టుకుని కూర్చున్నాడు.

బయటికొచ్చేసరికి భార్య బడికి వెళ్ళిపోయింది. గుమ్మం ముందు తెల్లపూల గుత్తి ఉంది, ఎవరు పెట్టారో తెలియదు. మెట్లు దిగుతున్న పై వాటా పెద్దాయన ఈయన్ని చూసి రెయిలింగు పట్టుకుని ఆగిపోయాడు.

"నమస్కారం బాబాయి గారూ. ఒంట్లో బాగోలేదా?"

పెద్దాయన ఈయన మీంచి చూపు తిప్పకుండా, వెనక్కి వెనక్కి ఒక్కో మెట్టే ఎక్కి లోపలికి వెళ్ళి గడియ పెట్టుకున్నాడు. వీధి చివర చెయ్యెత్తితే బస్సు ఆగకుండా పోయింది. అది రోజూ చేసే పనే, కానీ ఇవాళ డ్రైవరు తనలోంచి అవతలికి చూసినట్టనిపించింది మాటలాయనకు.

ఆఫీసు తలుపు దగ్గర హాజరు మిషను మీద వేలు పెట్టాడు. "ఈ వ్యక్తి లేరు" అని ఎర్రక్షరాలు వెలిగాయి. వేలు తుడుచుకుని మళ్ళీ పెట్టాడు. లేరనే అంది. చివరికి ప్యాకింగ్ వైపు తలుపులోంచి దూరి హాల్లోకి వెళ్ళాడు.

హాల్లో అందరూ తలలు వంచి, కళ్ళు మూసుకుని నిలబడి ఉన్నారు. ఊపిరి చప్పుడు కూడా లేదు. వెనక వరసలో చేరి పక్కనున్న గుమాస్తాను గుసగుసగా అడిగాడు, "ఎవరికండీ?"

"మన మాటలాయనకి," అన్నాడు గుమాస్తా కళ్ళు తెరవకుండానే. "పొద్దున తొమ్మిదింటికట."

"అయ్యో పాపం!" అనేసి మాటలాయన కూడా తల వంచాడు.

ఆ తర్వాత అర్థమైంది. తనను తాను గట్టిగా గిల్లుకున్నాడు. నొప్పి పుట్టింది కానీ, పోయినవాళ్ళకు నొప్పి ఉండదని ఎవరు చూసొచ్చారు? ఎదురుగా బల్లమీద తన ఫొటో ఉంది. దాని ముఖంలో ఉన్న కళ తన ముఖంలో ఉందో లేదో చూసుకోవడానికి దగ్గర్లో అద్దం కూడా లేదు.

మేనేజరు గొంతు సవరించుకుని, సిబ్బంది రాసిన చీటీలు ఒక్కొక్కటీ చదవసాగాడు. చివరిది ప్యాకింగులో కవర్లు అతికించే అక్కది.

"నిన్న మీరు సగంలో ఆపిన మాట పూర్తి చెయ్యడం మాలో ఎవరికీ చేతకావడం లేదు."

మాటలాయన బావురుమన్నాడు. ఏడుస్తూనే జేబులోంచి కలం తీసి ఆ వాక్యం అరచేతిలో రాసుకున్నాడు. ఏడుపు విని అందరూ కళ్ళు తెరిచారు. గుమాస్తా కెవ్వుమని బల్ల ఎక్కాడు. మేనేజరు రంగు మారింది కానీ, ముందు గడియారం వైపు చూశాడు.

"ఇంకా పది నిమిషాలుంది. కార్డు తెచ్చారా?"

"నేను పోలేదండీ!"

"మీ ఆవిడే చెప్పారుగా, లేరని! మిషన్లోంచి మీ వేలిముద్ర కూడా తీయించేశాను."

"లేనంటే... ఉండీ లేనండీ. రాసుకోవడానికని." మాటలాయన అరచెయ్యి చాపాడు. "ఇదిగోండి, వాక్యం."

మేనేజరు చదివాడు, తలూపాడు. "బ్రహ్మాండంగా ఉంది. కానీ ఇది అక్క రాసింది."

దాంతో కుర్చీ అక్కకు వెళ్ళింది. మాటలాయన ప్యాకింగుకు వెళ్ళాడు. మాటలాయన అని పిలిచేవాళ్ళు సాయంత్రానికే ఆ పిలుపు మానేశారు. అతికించే కవర్ల మధ్య కూర్చుంటే తాను పొద్దున నిజంగానే పోయాడేమోనన్న అనుమానం ఆయనకు ఇంటికి వెళ్ళేదాకా తీరలేదు.

వారం తిరక్కుండా అక్క ఆయన దగ్గరికి వచ్చి నిలబడింది. మనిషి చిక్కిపోయింది.

"ఇంకో మాట తట్టట్లేదండీ. ఎవరైనా పోయారనుకుంటే గానీ రావట్లేదు. గురువారానికి కార్డు ఇమ్మంటున్నారు."

"నన్నేం చెయ్యమంటావమ్మా?"

అక్క ఆయన్ని తల నుంచి కాళ్ళదాకా నింపాదిగా చూసింది.

"బుధవారం ఆఫీసుకి రాకండి. ఎందుకు రాలేదో మాత్రం నాకు చెప్పకండి."

ఆయన బుధవారం రాలేదు. కార్డు చాలా బాగా వచ్చింది.