కొనబోయేవాడి కోసం ఒక బాయిలర్

అమెరికాలో ఇంటి బాయిలర్ చెడిపోవడాన్ని మించిన అదృష్టం లేదు. చెడిపోయాక కొత్తది వెంటనే కొనకుండా ఎంచుకుంటూ కూర్చోవడం అంతకంటే పెద్ద అదృష్టం! నవ్వకండి. నేను ఎక్కువ మాట్లాడే మనిషిని కాను. ఒక చలికాలమంతా ఆలోచించి ఈ ముక్క చెబుతున్నాను.

మా అమ్మాయి వాళ్ళ ఇల్లు నోవై అనే ఊరికి ముప్పావుగంట దూరంలో ఉంది. గ్యాస్ పైపు అంత దూరం రాలేదు. అందుకని పెరట్లో తెల్ల గేదె పడుకున్నట్టు ప్రొపేన్ ట్యాంకు ఒకటి ఉంటుంది. లారీ వచ్చి నింపిపోతుంది. ఆ గ్యాస్‌తో నేల కింద బేస్‌మెంట్‌లో బాయిలర్ మండుతుంది. అది మండితే గదులకు వెచ్చదనం, కుళాయిలకు వేణ్ణీళ్ళు. నవంబరులో వేణ్ణీళ్ళు ఇవ్వడం పూర్తిగా మానేసింది. వెచ్చదనం మాత్రం తనకు బుద్ధి పుట్టినప్పుడు ఇస్తోంది. అదీ పై అంతస్తు వరకే.

ఇందులో అదృష్టమేముందంటారా? వ్యాయామం ఉంది! మా ఆవిడ నాగమల్లేశ్వరికి చేతుల కీళ్ళవాతం. తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి వేణ్ణీళ్ళలో చేతులు పెడితే గానీ వేళ్ళు విచ్చుకోవు. జడ వేసుకోవాలన్నా, దీపం వత్తి చేయాలన్నా అప్పుడే. నేను గ్యారేజీలో స్టవ్ మీద నీళ్ళు కాచి, పద్నాలుగు మెట్లు దిగి, బేస్‌మెంట్‌లో ఉన్న మా గదికి మోస్తాను. జిమ్‌లో బరువులెత్తేవాళ్ళను చూశాను. వాళ్ళ బరువుల్లోంచి పొగలు రావు!

మా మనవడు సాత్విక్ సంగతి చూడండి. వాడు షవర్‌లోకి వెళ్తే ఆదివారం సగం అయ్యేది. ఇప్పుడు బకెట్టు, మగ్గు. నాలుగు నిమిషాల్లో బయటికొచ్చాడు.

"తాతా, మగ్ ఈజ్ సో ఫాస్ట్!" అన్నాడు.

పన్నెండేళ్ళ పిల్లాడికి మగ్గు పట్టుకోవడం వచ్చింది. ఏ తెలుగు బడి నేర్పింది ఇది?

స్టవ్ గ్యారేజీలో ఎందుకుందని అడుగుతారేమో. పోపు వాసన ఇంటికి పట్టిందంటే కొనబోయేవాడు ఒప్పుకోడు.

ఆ కొనబోయేవాడు ఎవరో చెప్పాలి. ఆయన్ని నేను చూడలేదు. ఎవరూ చూడలేదు. ఇల్లు అమ్మకానికే పెట్టలేదు. పదేళ్ళకో పదిహేనేళ్ళకో అమ్మితే అప్పుడొస్తాడు. అయినా మా ఇంట్లో అన్నీ ఆయన ఇష్టప్రకారమే జరుగుతాయి. గోడకు మేకు కొట్టకూడదు, ఆయనకు నచ్చదు. గదికి పసుపు రంగు వేయకూడదు, ఆయనకు బూడిదరంగు ఇష్టం. మా అమ్మాయి త్రివేణి దీన్ని రీసేల్ అంటుంది. ఆయన్ని రోజుకు నాలుగుసార్లు తలుచుకుంటారు. దేవుణ్ణయితే రెండుసార్లే.

మరి బాయిలర్ ఎవరికోసం ఎంచుకోవాలి? ఇంకెవరికోసం, ఆయనకోసమే!

మా అల్లుడు తేజేశ్వర్ కార్ల కంపెనీలో సీట్ల ఇంజినీరు. సీటు ముందుకూ వెనక్కూ జరగడం గురించి మూడేళ్ళు ఆలోచించిన మనిషి. ఆయన లాప్‌టాప్‌లో ఒక పట్టీ వేశాడు. అందులో నలభై ఒక్క బాయిలర్లు! ఏది తక్కువ ప్రొపేన్ తాగుతుంది, ఏది చప్పుడు చేయదు, ఏ రంగు డబ్బా కొనబోయేవాడికి హుందాగా కనిపిస్తుంది, అన్నీ రాశాడు. కొన్నవాళ్ళు రాసిన రివ్యూలు రోజూ భోజనాల దగ్గర చదివి వినిపించేవాడు. ఎక్కడో మెయిన్ రాష్ట్రంలో ఒకాయన అయిదు నక్షత్రాలిచ్చాడు. ఎందుకంటే బాయిలర్ పక్కన వాళ్ళ కుక్క హాయిగా పడుకుంటోందట. ఆ కుక్క అదృష్టం గురించి నేనూ మా ఆవిడా చాలాసేపు మాట్లాడుకున్నాం. రెండేసి స్వెట్టర్లు వేసుకుని, మంకీ క్యాపులు పెట్టుకుని.

తేలింది ఏమిటంటే, బాయిలర్లు రెండు జాతులు. కాంబి అనేది కుళాయి తిప్పినప్పుడే నీళ్ళు కాచి ఇస్తుంది. రెండోది ముందే కాచి పక్కన ట్యాంకులో నిలవ ఉంచుతుంది. ఏది మంచిది? వాట్సాప్ గ్రూపులో అడిగారు. మా ఇంట్లో ఏ పని అయినా అక్కడ అడిగాకే.

"కళ్ళు మూసుకుని కాంబి తీస్కో బావా," అన్నాడు ఫార్మింగ్టన్ హిల్స్ నుంచి అవినాష్. అతనికి పైపు గ్యాస్ ఉంది. ప్రొపేన్ ట్యాంకు కళ్ళు తెరిచి కూడా చూడలేదు.

"కాంబి వేస్ట్ బ్రో, ట్యాంకే బెస్ట్," అన్నాడు షామ్‌బర్గ్ నుంచి రఘు. అతనుండేది అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తు. వేడి ఎక్కణ్ణుంచి వస్తుందో అతనికే తెలియదు.

ఇలా డిసెంబరు గడిచింది. అప్పుడు గ్రూపులోని రాధారాణి గారు ఒకే ఒక్క ప్రశ్న వేసింది. "ఇంతకీ మీ బాయిలర్ ఏ మూల ఉందండీ?"

ఈశాన్యంలో ఉంది! ఈశాన్యంలో నిప్పు! గ్రూపు ఊగిపోయింది. పది నిమిషాల్లో అరవై మెసేజీలు. వీడియో కాల్‌లో సిద్ధాంతి గారిని పట్టుకున్నారు. నిప్పయితే ఆగ్నేయం, నీళ్ళయితే ఈశాన్యం అన్నాడాయన. మరి కాంబి? ఒకే డబ్బాలో నిప్పూ నీళ్ళూ! ఆయన వారం గడువడిగాడు.

అల్లుడికి వాస్తు మీద నమ్మకం లేదు. "నాకోసం కాదు మామయ్యగారూ. రేపు కొనేవాడు మనవాడైతే?" అన్నాడు.

చూశారా, ఎంత దూరదృష్టి!

చివరికి బాయిలర్ ఆగ్నేయంలోనూ, నీళ్ళ ట్యాంకు ఈశాన్యంలోనూ అని తీర్పు వచ్చింది. మధ్యలో నలభై అడుగుల పైపు. అది మా గది కప్పు కిందుగా పోతుంది.  మంచం ఆ పైపు కిందికి ఎప్పుడు జరపాలా అని నేను చూస్తున్నాను.

జనవరిలో బిగించే మనిషి వచ్చాడు. పేరు డేల్. ముప్పై ఏళ్ళుగా ఇదే పని. నలభై ఒక్క బాయిలర్ల పట్టీ చూపిస్తే పక్కన పెట్టాడు. ఇంట్లో ఎంతమంది ఉంటారు, ఎప్పుడెప్పుడు స్నానం చేస్తారు, ఎన్ని గదులు వెచ్చబడాలి, ఈ మూడే అడిగాడని అమ్మాయి నాకు తెలుగులో చెప్పింది. అవి తెలిస్తే బాయిలర్ తనంతట తనే తేలుతుందట. రెండు నెలల శ్రమను ఎంత తేలిక చేశాడో చూడండి!

ఎంతమంది అన్నదానికి అల్లుడు పట్టీ కింది భాగం చూపించాడు. నాకు ఇంగ్లీషు రాదు. చదివింది మూడో తరగతి. అంకెలు వచ్చు. ఒకచోట నాలుగు ఉంది. దాని పక్కన అయిదు ఉంది.

"అయిదెవరు?" అన్నాను.

"అది ఫ్యూచర్ బయ్యర్ ఫ్యామిలీ మామయ్యగారూ. సేఫ్‌గా ఉంటుందని ఫైవ్ వేశాను."

"నాలుగు?"

"మేమే. నేను, త్రివేణి, సాత్విక్, చిన్నది వర్ష."

అమ్మాయి గబుక్కున అందుకుంది. "అది కాదు నాన్నా, ఏప్రిల్‌లో ఇండియా వెళ్ళిపోతామంటారు కదా మీరు, అందుకని..."

నిజమే. ఆరేళ్ళుగా ఏప్రిల్‌లో వెళ్ళిపోతూనే ఉన్నాం.

నేను డేల్‌కి ఆరు వేళ్ళు చూపించాను. ఆయన నా వంక చూసి, ఆ ఇద్దరూ ఎక్కడ పడుకుంటారని అమ్మాయి చేత అడిగించాడు. వేలితో కిందికి చూపించాను. దిగి చూసి వచ్చాడు. తన కాగితం మీద నాలుగు కొట్టేసి ఆరు వేశాడు. బేస్‌మెంట్‌కి వేరే వాల్వు, వెచ్చదనం పెంచి తగ్గించడానికి గోడకొక థర్మోస్టాట్ కలిపాడు. ఇది సగం రోజు పని, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని అడిగాడట. అల్లుడు ఏం జవాబు చెప్పాడో నాకు అర్థం కాలేదు. ఇంగ్లీషు కదా.

పోయిన వారం బాయిలర్ వచ్చింది. ఇల్లు వెచ్చబడింది. సాత్విక్ మళ్ళీ షవర్‌లోకి వెళ్ళాడు. ఈ రాత సగంలో ఉండగా కూడా ఇంకా బయటికి రాలేదు.

మా గది గోడకు గాజుబిళ్ళలాంటి థర్మోస్టాట్ పెట్టారు. దానికి తిప్పే మర లేదు. అంతా ఫోనులోనేనట. అల్లుడు నా ఫోనులో ఆ యాప్ వేసి ఇచ్చాడు. మా ఆవిడ పదో తరగతి చదివింది. కళ్ళజోడు పెట్టుకుని చూసింది.

"ఇక్కడ మన పేర్లు లేవండీ. గెస్ట్ అని ఉంది."

గెస్టు చలి ఎంతుందో చూసుకోవచ్చు. తగ్గించుకోవడానికి మాత్రం లేదు. వేణ్ణీళ్ళకు కూడా వేళలు పెట్టారు. పొద్దున ఆరు నుంచి తొమ్మిది. నాలుగున్నరకు కుళాయి తిప్పితే మంచు కరిగినట్టు వస్తోంది.

అల్లుణ్ణి అడిగాను. ఒక్క మాటే అడిగాను. "నాలుగున్నరకు?"

"వేళలు మీరే మార్చుకునేలా పెట్టొచ్చు మామయ్యగారూ. కానీ పొరపాటున ఏదైనా నొక్కేస్తే? వారంటీ రేపు కొనేవాళ్ళకి క్లీన్‌గా ట్రాన్స్‌ఫర్ అవ్వాలి కదా," అన్నాడు. పాపం, మర్యాదగానే అన్నాడు.

కాబట్టి నా వ్యాయామం ఆగలేదు. ఇవాళ కూడా గిన్నె దింపాను. మా ఆవిడ చేతులు నీళ్ళలో పెట్టి, వేళ్ళు ఒక్కొక్కటే విచ్చుకునేదాకా ఉంచింది. తర్వాత అంది:

"మా పుట్టింట్లో చుట్టం గుమ్మంలో అడుగుపెడితే ముందు వేణ్ణీళ్ళు తోడేవాళ్ళం. గెస్ట్ అంటే చుట్టమేగా? పోనీ ఆ మర్యాదైనా చేయమని అడగండి."

నేను అడగలేదు. రెండోసారి అడగడం నాకు చేతకాదు. ఇలా రాశాను. ఈ పత్రిక మా త్రివేణి మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదువుతుంది. ఆ ఫోనులో ఆరు అన్నచోట నాలుగున్నర అని పెడితే చాలమ్మా.