ఫినావు పోయాడు, పెండలం పెరిగింది

శనివారం పొద్దున ఫినావు వేసుకున్న పథకం చాలా చిన్నది. కచేరీలో పనిచేసే సేలా వ్యానులో సంతకు వెళ్ళాలి. పెండలం, చేమదుంప, చేప, పంది ధరలు రాసుకుని మధ్యాహ్నానికి తిరిగి రావాలి. వాటిని కలిపితే టోంగా దేశంలో ఏడాదిలో ధరలు ఎంత పెరిగాయో తేలుతుంది. సాయంత్రంలోగా ఆ అంకె పైకి పంపించి, తను ఇంటికెళ్ళి దగ్గు మందు తాగి పడుకోవాలి. అంతే.

ధరల కచేరీకి ఫినావు పెద్ద. ఆ కచేరీ పంపే అంకె పెరిగి ఒక గీత దాటితే సర్కారు ఉద్యోగులందరికీ జీతం పెరుగుతుంది, లేకపోతే లేదు. మూడేళ్ళుగా లేదు. ఈసారి మిగతా సరుకులన్నీ పెరిగి సరిగ్గా గీత దగ్గరికి వచ్చి ఆగాయి, ఇక సంత ఒక్కటే మిగిలింది. అందుకని ఊళ్ళో టీచర్లూ నర్సులూ పోలీసులూ ఫినావుని ఈ మధ్య మరీ వంగి వంగి పలకరిస్తున్నారు. ఇంట్లో భార్య లుసెయానే కూడా బడిపంతులమ్మే కానీ ఆవిడకు వంగే అలవాటు లేదు.

"పెరుగుతుందా లేదా? అది చెప్పండి చాలు," అంది టీ కప్పు ముందు పెడుతూ.

"అది నా చేతిలో లేదు. ఉన్నది ఉన్నట్టు రాయడమే నా పని."

"మూడేళ్ళుగా అదే పాట. నా చెప్పులు చూశారా? అవీ ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి."

ఎప్పుడూ సంతకు వెళ్ళే పెద్దావిడ కూతురి పురిటికని ఆక్లాండ్ వెళ్ళింది. సేలా కొత్త. బుద్ధిమంతురాలు, చదువుకున్న పిల్ల. ఫినావు ఆమెకు ఒక్క మాటే చెప్పాడు. "అమ్మేవాడు ఏం చెబితే అదే రాయి. సొంత తెలివి వద్దు." ఆమె తల్లి ఎవరి ఆడపడుచో అడగాలని మాత్రం ఆయనకు తోచలేదు. టోంగాలో పుట్టి టోంగాలో తల నెరిసిన మనిషి చేయాల్సిన పొరపాటు కాదది.

సంతలో పెండలాల వరసకు పెద్ద లిసియాతే. సేలాకు సొంత మేనమామ. అక్కడ మేనకోడలంటే మామూలు మాటా? ఆమె ఫహు. మేనమామ ఇంట్లో ఏది కావాలంటే అది ఎత్తుకుపోవచ్చు. ఆయన నోరెత్తకూడదు సరికదా, పైగా సంతోషించాలి.

"మామా, పెండలం బుట్ట ఎంత?" అంది సేలా.

లిసియాతే మొహం మాడిపోయింది. "ఎంతా? నలుగురిలో నన్ను ధర అడుగుతావా తల్లీ? నీకేం తక్కువ చేశాను?"

"నాక్కాదు మామా, కచేరీకి. ఊరికే ధర చెప్పు."

"మేనకోడలికి ధర చెప్పానని తెలిస్తే మీ అమ్మ నన్ను గుమ్మం తొక్కనిస్తుందా? ఒరేయ్ తొమాసీ, వ్యాను తలుపు తియ్యరా!"

డ్రైవరు తొమాసీ తలుపు తీశాడు. పెండలం బుట్టలు ఎక్కాయి. పక్కన చేమదుంపలు అమ్మే అతను లిసియాతేకు తమ్ముడి వరస. అన్న ఇచ్చాక తనెందుకు తగ్గాలి? అతనూ ఎక్కించాడు. చేపలావిడ ఎక్కించింది. చివరికి ఒక పందిని కాళ్ళు కట్టి మరీ ఎక్కించారు. అదొక్కటే తన అభ్యంతరం గట్టిగా చెప్పింది. సేలా ప్రతి గడిలోనూ సున్నా రాసింది. ఉద్యోగంలో చేరీచేరగానే తనకే ఇలా ఎందుకు జరగాలని దుఃఖం ఆగక, వ్యానులో కూర్చుని భోరుమంది.

ఫహు వచ్చి పెండలాలూ పందీ ఏడుస్తూ తీసుకుపోతోందంటే సంతలో ఎవరికైనా ఒకటే అర్థం. ఎవరో పోయారు, చావింటి విందుకే ఆ సరుకు. ఫహుని నిలదీసి అడగడం మర్యాద కాదు గనక, తమలో తామే తేల్చుకున్నారు.

"వ్యాను ధరల కచేరీది," అంది చేపలావిడ.

"రాత్రి చర్చిలో పాటల సాధనకి ఫినావు రాలేదు. దగ్గట," అంది ఆకులమ్మే ఆవిడ.

"మా బావకీ ముందు దగ్గే వచ్చింది!"

"అయ్యయ్యో, బంగారంలాంటి మనిషి!"

వ్యాను సంత మలుపు దాటే లోపల ఫినావు పోయాడు.

కచేరీలో ఆయన సేలా తెచ్చిన ధరలు చూసి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"దేశంలో పెండలాలు ఊరికే పంచుతున్నారా?"

"వాళ్ళేం చెబితే అదే రాయమన్నారు కదా సార్," అంది సేలా వెక్కుతూ.

"మరి ఈ పందేమిటి?"

"అదీ ఊరికేనే సార్."

ఈ సున్నాలు పైకి పంపితే జీతం మాట దేవుడెరుగు, ధరలు పాతాళానికి పోతాయి. సరుకంతా తిరిగి ఇచ్చి రమ్మని తొమాసీని పంపించి, కాసేపటికి తనే సంతకు బయలుదేరాడు ఫినావు. తలుపు తీసేసరికి ఎదురుగా, ఆయన కచేరీలోనే పోయాడని విని వచ్చిన చర్చి పాటల బృందం. అందరూ నల్లబట్టల్లో, అక్కడి చావు ఆనవాయితీ ప్రకారం నడుముకు చాపలు చుట్టుకుని ఉన్నారు. బృందం పెద్ద చరణం అందుకోబోయి, ఫినావుని చూసి తెరిచిన నోరు తెరిచినట్టే ఉంచాడు. వెనక లుసెయానే, ఏడ్చి ఏడ్చి ఉబ్బిన కళ్ళతో, పెద్ద చిరుగుచాపలో సగం మునిగిపోయి ఉంది.

ఆవిడ మొగుణ్ణి తల నుంచి కాళ్ళ దాకా తడిమింది. బతికే ఉన్నాడని తేలాక చేతికందిన చోట ఒక్కటి వేసింది.

"మరి నేనెందుకు ఏడ్చినట్టు? పక్క దీవిలో మా చెల్లెళ్ళకు కబురు కూడా పంపించాను!"

ఆయన సంజాయిషీ చెప్పే లోపే తొమాసీ పందితో సహా తిరిగొచ్చాడు.

"తీసుకోరట సార్. అసలు సంత చూడాలి మీరు! మీ చావింటికి పట్టుకెళ్ళాలని జనం ఎగబడి కొంటున్నారు. పెండలం రెట్టింపయింది. పంది అయితే ఎంత పెట్టినా దొరకట్లేదు. పల్లెల్లో లారీలకు లారీలు తవ్వుతున్నారట."

చావు కబురు చల్లగా చెప్పడం అంటారే, తొమాసీ దాన్ని పోయిన మనిషికే చెప్పాడు. గదిలో అందరూ ఆలోచనలో పడ్డారు. అందరికన్నా ముందు లుసెయానే లెక్క పూర్తయింది. బళ్ళో చెప్పేది లెక్కలే మరి.

"ఈ ధరలు రాస్తే మాకు జీతాలు పెరుగుతాయా?"

"పెరుగుతాయి, కానీ..."

"అయితే కూర్చోండి. సాయంత్రం దాకా చచ్చిపోండి. మీకు పోయేదేముంది?"

బృందంలో ఇద్దరు నర్సులు, ఒక కానిస్టేబులు. బృందం పెద్దేమో పోస్టాఫీసు గుమాస్తా. ఎవరికీ అభ్యంతరం కనబడలేదు. "అమ్మగారి మాట సబబుగా ఉంది. మేం పాడుతూ ఉంటాం, మీరు లోపలే ఉండండి," అన్నాడు గుమాస్తా. ఈసారి సేలా ఎవర్నీ ధర అడగదు. స్తంభం చాటున నిలబడి, జనం ఎంతకు కొంటున్నారో చూసి రాసుకొస్తుంది. అది పద్ధతి ప్రకారమే. ఆమె బయలుదేరింది.

ఫినావు కూర్చున్నాడు. రెండు పాటలయ్యాక గుమాస్తా రోడ్డు మీద జనానికి వినబడేలా నాలుగు మంచి మాటలు చెప్పాడు. "ఈ మహానుభావుడు తన జన్మలో ఒక్క దొంగ అంకె రాయలేదు! రాయమన్నా రాయలేదు!"

ఫినావుకి ముందు గర్వమేసింది. తర్వాత సిగ్గేసింది. అది నిజమే, కానీ ఈ సాయంత్రం దాకానే నిజం. చెవులు కాలిపోయాయి.

"లేని శవానికి కొన్న పంది ధర ధరే కాదు," అంటూ లేచాడు.

లుసెయానే చొక్కా పట్టుకుంది. "మీకు దండం పెడతాను, ఇంకొక్క గంట! ఊళ్ళో మొగుళ్ళందరూ పెళ్ళాం కోసం చస్తామంటారు. మీరు గంటసేపు చావలేరా?"

ఆయన చొక్కా విడిపించుకుని పరుగెత్తాడు. సంతలో మొదట చూసిన చేపలావిడ కెవ్వుమంది. లిసియాతే వచ్చి ఆయన చెయ్యి గిల్లి చూశాడు. "వెచ్చగానే ఉన్నాడర్రా!" అని అరిచి కౌగిలించుకున్నాడు. సంత సంతంతా చప్పట్లు కొట్టింది. ఆ సంబరం ఎంతోసేపు లేదు. కొన్నవాళ్ళు ఒక్కొక్కరే బుట్టలు తెచ్చి తిరిగి దింపడం మొదలుపెట్టారు. అదే సమయానికి పల్లెల నుంచి లారీలు దిగాయి. తవ్విన దుంప, పట్టిన చేప, కోసిన పంది. మర్నాడు ఆదివారం, ఆ దేశంలో అమ్మితే నేరం. చీకటి పడే లోపల అమ్ముకోవాలి, లేదా పారబోసుకోవాలి.

"సగానికి సగం!" అని అరిచాడు ఒకడు.

"నా దగ్గర పావుకే!" అన్నాడు పక్కవాడు.

పరామర్శకు వచ్చే జనాన్ని తోసుకుని రావడానికి ఆలస్యమైన సేలా, అప్పుడే స్తంభం చాటున చేరి మొదటి గడి నింపుతోంది. వెనకాలే ఆయాసపడుతూ వచ్చిన లుసెయానే అది చూసి గుండెలు బాదుకుంది.

"ఇదీ మీ చావు వల్ల వచ్చిన ధరే కదండీ! ఇది మాత్రం దొంగది కాదా?"

"కాదు," అన్నాడు ఫినావు. "ఇప్పుడు నేను బతికే ఉన్నాను. అందరూ చూస్తుండగా అమ్మిన ధర ఇది. రాసెయ్యి సేలా."

సాయంత్రం అంకె పైకి వెళ్ళింది. ధరలు పెరగలేదు, తగ్గాయి. జీతాలు ఎక్కడివక్కడే ఉన్నాయని చీకటి పడకముందే టీచర్లకూ నర్సులకూ పోలీసులకూ తెలిసిపోయింది. ఫినావు పోయాడని పొద్దున ఏడ్చిన ఊరు, బతికున్నాడని సాయంత్రం ఏడ్చింది.